బియ్యం బస్తాకు పర్దా

మోటారు నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఈ మధ్య అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. గౌలిపురలో ఒక ముసలామె ఉంది, నిజాం కాలంలోనే కారు నడిపిందట అని ఎవరో చెబితే వెతుక్కుంటూ వస్తారు. చాయ్ తాగుతూ అందరూ అడిగేది ఒకటే. భయం వేయలేదా, మగవాళ్లు ఏమన్నారు అని. ఏమన్నారో నాకు సరిగ్గా గుర్తు లేదు. చాలా అనే ఉంటారు. నిరుడు ఒక పిల్ల మాత్రం వేరే మాట అడిగింది.

"నడుమ తొవ్వల బండి ఆగిపోతే ఏం చేసేదానివి అమ్మమ్మా?"

ఆ పిల్లను చూస్తే నాకు ముచ్చటేసింది. అసలు పని అదే కదా. నడపడం నేర్పిస్తే ఎవరికైనా వస్తుంది. ఆగిన బండి ముందు నిలబడి, చుట్టూ జనం తలా ఒక మాట అంటుంటే, అది ఎందుకు ఆగిందో నిదానంగా ఆలోచించడం, జీతం దానికే. ముప్పై ఏళ్లకు పైగా చేశాను. మొదట ఒక నవాబు గారి దేవిడీలో, తరువాత ఒక ఆస్పత్రి బండి మీద. అందులో నాకు ఎక్కువ నేర్పింది ఒక ఎర్ర బండి. దాని సంగతి ఆ పిల్ల కోసం రాస్తున్నాను.

ఇంటి చదువు

నేను బడికి పోలేదు. అక్షరాలు మా అమ్మ నేర్పింది, దేవుడి పాటల పుస్తకం ముందు పెట్టుకుని. మోటారు మా బాపు నేర్పాడు. ఆయన ఒక జాగీర్దారు గారి మోటారు షెడ్డులో పనిచేసేవాడు. పాత ఇంజను ఒకటి మా వాకిట్లో పడి ఉండేది. బాపు అందులోంచి ఏదో ఒక తీగ ఊడదీసి, పిలిచేవాడు.

"రాజమ్మా, ఇది ఎందుకు నడుస్తలేదో చెప్పు."

నేను తడిమి తడిమి చెప్పేదాన్ని. తప్పు చెబితే కోప్పడేవాడు కాదు. "ఆగింది అంటే సరిపోదు బిడ్డా. ఎప్పుడు ఆగింది, ఎండనా వాననా, బండ్ల ఎవలున్నరు, గది చెప్పు ముందు" అనేవాడు. అప్పుడు అది ఆటలా ఉండేది.

ఆ దేవిడీలోని జనానాకు, అంటే ఆడవాళ్ల లోగిలికి, ఆడ డ్రైవరు కావాలని కబురు వచ్చినప్పుడు నాకు పెళ్లయి రెండేళ్లు. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల కొట్టులో గుమాస్తా. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి "పో" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆయనను తలుచుకుంటాను.

ఎర్ర బండి

దాన్ని తెప్పించింది నవాబు సాబ్. ఇద్దరే కూర్చునే బండి. పరుగు పందేలకు పోయేలాంటిది. విలాయత్ నుంచి ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి రైలులో వచ్చింది. ఎంత కిందికి ఉండేదంటే, కూర్చుని చెయ్యి చాపితే రోడ్డు తగిలేది. బానెట్ చుట్టూ తోలు పట్టీ, బానెట్ పక్కల చేప మొప్పల్లాంటి చీలికలు. దాని కంపెనీ పేరు చెప్పను. పాపం, నేరమంతా దానిది కాదు.

కొత్త బండి అంటే అన్నీ సరిగ్గా ఉన్న బండి అనుకుంటాం. ఆ బండి నాకు ఆ భ్రమ పోగొట్టింది. మలుపు తిరిగితే ఎడమ తలుపు దానంతట అదే తెరుచుకునేది. వాన వస్తే ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు నీళ్లన్నీ నా కుడి మోకాలి మీదనే పడేవి. హారన్ కొడితే దీపాలు ఆరిపోయేవి. ఈ చివరిదాన్ని పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తీగ బిగించిన చోట ఇనుము మీద రంగు పూసి ఉంది, అందుకే కరెంటు సరిగ్గా అందడం లేదు. చాకుతో గీకి మళ్లీ బిగిస్తే సరిపోయింది. ఇలాంటివి దొరికినప్పుడల్లా నాకు పండుగలా ఉండేది. ఎవరో నాకోసం పొడుపుకథ రాసి ఓడలో పంపినట్టు.

అంత కిందికి కూర్చోవడం నవాబు సాబ్ నడుముకు పడలేదు. నెల తిరగకముందే దాన్ని చెల్లెలికి ఇచ్చేశాడు. ఆమెను మేం చిన్నబేగం అనేవాళ్లం. భర్త విలాయత్‌లో చదువుకుంటుండగా అన్న ఇంట్లో ఉండేది. పాలిచ్చి పెంచిన దాది మా గౌలిపుర మనిషి కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేది.

చిన్నబేగానికి బండి షోకు కోసం కాదు. వాళ్లకు ఒక అక్క ఉంది, పెద్దబేగం. తల్లి పోయాక ఈ ఇద్దరినీ పెంచింది ఆమె. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు వస్తే, మంచి గాలి అని చెప్పి చాంద్రాయణగుట్ట అవతల తోట బంగళాలో ఉంచారు. డాక్టరును పంపేవారు, మందులు పంపేవారు. మనుషులు మాత్రం పోయేవారు కాదు. నవాబు సాబ్ అసలే పోలేదు. జబ్బు అంటుకుంటుందని భయం. దేవిడీలోని పెద్ద మోటారు నవాబు సాబ్ పనులకే సరిపోయేది, గుర్రపు బగ్గీలో పోతే సాయంత్రానికి తిరిగి రావడం కుదరదు. అందుకే చిన్నబేగం ఆ ఎర్ర బండిని కళ్లకద్దుకుని తీసుకుంది.

బేగం ఎక్కితే ఆగే బండి

జనానా మనిషి ఎక్కాలంటే పర్దా కావాలి. పెద్ద మోటార్లకు అద్దాల లోపల తెరలు ఉంటాయి. ఇది పైకప్పు సరిగ్గా లేని బండి. పైగా నడిచిపోయేవాడు కూడా తల వంచి లోపలికి చూడవచ్చు. దేవిడీ దర్జీ చాలా తంటాలు పడి ముదురు ఆకుపచ్చ గుడ్డతో ఒక పర్దా కుట్టాడు. ఎడమ సీటును నాలుగు వైపులా మూసేసే గుడారం అనుకోండి. గాలికి అంచు లేవకుండా బయటి రెక్కను పొడుగ్గా ముందుకు లాగి, బానెట్ తోలు పట్టీకి నాడాలతో కట్టేవాళ్లం. బేగం ఎక్కే ముందు దాసి కట్టేది, దిగాక విప్పి, మడిచి, అత్తరు పెట్టెలో పెట్టేది.

మొదటిసారి తోటకు బయలుదేరిన రోజే ఫలక్‌నుమా ఎత్తు మీద బండి ఆగింది. ముందు రెండుసార్లు దగ్గింది, తరువాత చచ్చిపోయింది. పెట్రోలు తోడే చిన్న పంపు మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంది, బొక్కెన లేని చేద తాడు లాగినట్టు. ట్యాంకులో పెట్రోలు ఉంది. నేను పర్దా రెక్క ఎత్తి, బానెట్ తీసి, ఒకటొకటే చూసుకుంటూ ఉండగా కాసేపటికి దానంతట అదే మళ్లీ నడిచింది. నేనేదో చేశాననుకుని చిన్నబేగం దువా చేసింది. నేను ఏమీ చేయలేదు.

రెండోసారి మళ్లీ అక్కడే. అప్పటికి ఎండ ముదిరింది. జనం మూగారు. ఒక పోకిరివాడు పర్దా అంచు దగ్గరికి వంగి చూడబోతే నేను స్పానర్ పట్టుకుని లేచాను. ఆ సంగతి నవాబు సాబ్ చెవిన పడింది. ఆయన ఉర్దూలో అన్నదాన్ని నా తెలుగులో రాస్తున్నాను.

"ఇంకొక్కసారి నా ఇంటి పర్దా రోడ్డు మీద ఆగిందని విన్ననంటే బండి అమ్మేస్త. తోటకు పోవుడు బంద్."

చిన్నబేగం అన్నకు సలాం చేసి లోపలికి పోయింది. నాతో మాత్రం తరువాత అంది. "అక్క ఒక్కతే అక్కడ గోడలతోని మాట్లాడుతది రాజమ్మా. ఎట్లనన్న చెయ్యి."

అఫ్జల్‌గంజ్ దగ్గర జోసెఫ్ అని ఒక మెకానిక్ ఉండేవాడు. మంచి పనివాడు, ఆదివారం చర్చికి పోకుండా స్క్రూ తిప్పడు. నవాబు సాబ్ బండిని అతనికి పంపాడు. జోసెఫ్ దాన్ని మిట్టమధ్యాహ్నం ఫలక్‌నుమా ఎత్తు మీదికి మళ్లీ మళ్లీ తోలాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"రాజక్కా, బండికి ఏం బీమారి లేదు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "నాతోని గుర్రం లెక్క ఉరుకుతది. బేగం సాబ్ ఎక్కితెనే నకరాలు."

"నేను అబద్ధం చెప్తున్ననా?"

"అరే, నేను గట్ల అన్ననా? పైకం తీసుకునుడు సుత సిగ్గయితున్నది. ఏం బాగు చేసిన అని తీసుకోవాలె?"

ఆ మాట దేవిడీకి నాకంటే ముందు చేరింది. ముసలి దాసీలు గుసగుసలాడారు. చిన్నబేగం కాలు మంచిది కాదట. ఆమె ఒకరోజు నవ్వుతూనే అంది. "అక్క బీమారి నా కాలుతోనే వచ్చిందంటరు. ఇప్పుడు ఇంజను బీమారి సుత నా మీదనే రాసిన్రు." నవ్వింది కానీ కళ్లు నవ్వలేదు.

అద్దానికి ఆమె తాయెత్తు కట్టింది. నేను లాల్‌దర్వాజా మహంకాళమ్మకు మొక్కి నిమ్మకాయ కట్టాను. దేవుడిని అడగడంలో తప్పు లేదు. అడిగి చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు బాపు నేర్పలేదు.

బస్తా ప్రయాణం

జోసెఫ్ మాట నన్ను వదల్లేదు. కోపం తగ్గాక అందులో ఒక నిజం కనిపించింది. బేగం ఉంటే ఆగుతోంది, లేకపోతే ఆగడం లేదు. అది నిందలా వినిపించింది గానీ, నిజానికి అదొక ఆనవాలు. మనిషి ఎక్కితే బండిలో మారేది ఏమిటి? బరువు. ఎత్తు మీద ఆ బరువు ఇంజనుకు ఎక్కువవుతోందేమో. జోసెఫ్ ఒక్కడే తోలాడు కదా.

వంటింట్లోంచి బియ్యం బస్తా ఒకటి అడిగి తెప్పించి ఎడమ సీటులో కూర్చోబెట్టి, మధ్యాహ్నం ఎండలో ఎత్తు ఎక్కించాను. దగ్గలేదు, తుమ్మలేదు. గుట్ట మీద ఆపి, దిగి, ఆ బస్తాను చూస్తూ నిలబడ్డాను. నాకు విసుగు రాలేదు, నిజం చెప్పాలంటే ఎక్కడలేని కుతూహలం వచ్చింది. బేగంలో ఉండి బియ్యంలో లేనిదేమిటి?

వచ్చి చిన్నబేగానికి చెప్పాను. ఆమె జామకాయ కోస్తోంది.

"నన్ను బియ్యం బస్తాతోని తూకం వేసినవా?" అంది.

"బస్తానే జర బరువుంటది అమ్మా."

"షుక్రియా. మరి బస్తాకు పర్దా కట్టినవా లేదా? పరాయి మొగోళ్లు చూస్తే బియ్యం ఇజ్జత్ ఏం గాను?"

నేను నవ్వబోయాను. ఆమె కూడా నవ్వబోయింది. ఇద్దరమూ అలాగే ఆగిపోయాం. జామకాయ ముక్క ఆమె చేతిలోనే ఉంది.

"కట్టలే" అన్నాను.

"జోసెఫ్?"

"మొగోళ్ల షెడ్డుకు పర్దా ఎట్ల పంపుతరు అమ్మా? అది మీ అత్తరు పెట్టెలున్నది."

ఇందులో ఎవరి తెలివితక్కువ లేదు. జనానా పర్దాను మగవాళ్లు ముట్టుకోకూడదు. అందుకని బండి షెడ్డుకు పోయే ముందు విప్పి దాచడం మర్యాద. మా ఎవరి లెక్కలోనూ అది బండిలో భాగం కాదు, బేగం బట్టల్లో భాగం. రోగిని డాక్టరు దగ్గరికి పంపుతూ రోగాన్ని మడిచి పెట్టెలో పెట్టాం.

మర్నాడు బస్తాకు పర్దా కట్టాను. నాడాలన్నీ బిగించి, రెక్క ముందుకు లాగి, అన్నీ పద్ధతి ప్రకారమే. జోసెఫ్‌ను గుట్ట దగ్గర ఉండమన్నాను. ఆ ఎత్తు సగం ఎక్కగానే బండి దగ్గి ఆగింది. నాకు ఎంత సంతోషమంటే, దిగి దానికి దండం పెట్టాను.

జోసెఫ్ వచ్చాడు. పర్దా చూసి, మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"లోపల ఎవలున్నరు అక్కా?"

"బియ్యం."

"ఏ బియ్యం?"

"బిర్యానీ బియ్యం. ఇటు తిరుగు, నిన్నేం అనవు."

అతను రెక్క నాడా విప్పి ఎత్తాడు. లోపలి నుంచి పొయ్యి మూత తీసినట్టు సెగ కొట్టింది. ఆ రెక్క సరిగ్గా బానెట్ చీలికల మీద పడుతోంది. ఇంజను వేడి బయటికి పోయే దారి అదే. దాని వెనకే పెట్రోలు పంపు ఉంది. పంపులో పెట్రోలు ఉడికి ఆవిరవుతుంటే అది గాలిని తోడుతూ టకటకలాడుతోంది. నేను బానెట్ తీయడానికి రెక్క ఎత్తిన ప్రతిసారీ చల్లబడి అదే నడిచేది.

"ముక్కు మూసి గుట్టెక్కమంటే ఎవలెక్కుతరు పాపం" అన్నాడు జోసెఫ్, బానెట్ నిమురుతూ.

నవాబు సాబ్ పందెం

మేం దేవిడీ చేరేలోపే కబురు చేరింది. పర్దా బండి మళ్లీ రోడ్డు మీద ఆగింది, ఒక మగవాడు పర్దా ఎత్తాడు కూడా. చూసినవాడు చూసింది చూసినట్టే చెప్పాడు.

నవాబు సాబ్ పిలిపించాడు. చిన్నబేగం పక్కనే నిలబడి ఉంది. నేను జరిగిందంతా చెప్పాను.

"బియ్యం కోసం నా ఇంటి పర్దాను బజార్ల నిలబెట్టినవా?"

"అవును సర్కార్. రెక్క కురచ చేసి, తలుపుకే కట్టనిస్తే మళ్ల ఆగదు."

"పర్దా కురచ చెయ్యాల్నా! రేపు ఇంకా ఏం కురచ చేస్తవ్?"

చిన్నబేగం అప్పుడు మాట్లాడింది. "భాయ్‌జాన్, మీరే ఒక్కసారి కూసొని చూడుండ్రి. రాజమ్మ చెప్పిన ఎత్తు మీద ఆగకుంటే అమ్మేయండి. నేనేం అడగ."

ఆయనను నేను మంచి యజమాని అనే చెబుతాను. తొందరపడే మనిషి, కానీ ఎదురు మాట విన్నాక దాన్ని మరచిపోలేని మనిషి. నౌకర్లకు అలాంటివారి కింద పనిచేయడం అదృష్టం. కాసేపు గడ్డం గోక్కుని "సరే" అన్నాడు.

మర్నాడు లోపలి వాకిట్లో, ఎవరూ చూడకుండా, నవాబు సాబ్ ఎడమ సీటులో ఎక్కాడు. దాసి నవ్వు ఆపుకుంటూ నాడాలు కట్టింది. డ్రైవరుగా నా జీవితంలో బండి ఆగాలని మొక్కుకున్నది ఆ ఒక్క రోజే. ఆగకపోతే నా ఉద్యోగం పోతుంది, అది సరే. తోటలో ఉన్నామె ఇంక ఎవరి కోసం ఎదురు చూస్తుంది?

షాలిబండ దాటాక లోపలి నుంచి "ఇంత ఉక్కపోతనా?" అని వినిపించింది. అలియాబాద్ దగ్గర "ఇంకెంత దూరం?" అని వినిపించింది. ఎత్తు మొదలైంది. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. బండి ఆగలేదు. మబ్బు పట్టి చల్లగాలి కొట్టింది. అమ్మా మహంకాళీ అనుకుంటూ రెండో గేరులో నిదానంగా పోనిచ్చాను. మబ్బు విడిచింది. పైమలుపు దగ్గర బండి రెండుసార్లు దగ్గి, చచ్చిపోయింది.

నేను వెంటనే రెక్క విప్పలేదు. అందులో కొంత కావాలని చేసిందే. ఒక కట్టెల మోపు ముసలమ్మ వచ్చి నిలబడింది. ఇంకో ఇద్దరు చేరారు. మగవాడు జనానా పర్దాలోంచి ఎలా దిగుతాడు? ఎలా మాట్లాడతాడు? ఆయన లోపల చెమటలో బిగుసుకుని కూర్చున్నాడు.

"అమ్మా బేగం సాబ్, దూప అయితుందా? నీళ్లు తేవాల్నా?" అంది ముసలమ్మ పర్దా దగ్గరికి వంగి.

లోపలి నుంచి లావు గొంతుతో ఒక దగ్గు వచ్చింది.

ముసలమ్మ వెనక్కి జంకి నాతో అంది. "బేగం సాబ్‌కు పడిశం జోరుగున్నట్టుంది బిడ్డా. కషాయం తాపు."

వాళ్లు పోయాక రెక్క విప్పాను. సెగ కొట్టింది. గాలి తగలనిచ్చి మీట నొక్కితే బండి లేచింది. పర్దాలోంచి ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"చిన్నది పోయినప్పుడల్ల ఇట్లనే కూసుంటదా ఇందుల?"

"అవును సర్కార్."

"రేపు దర్జీని పిలువు."

అన్నట్టే పిలిపించాడు. రెక్క కురచై, తలుపు దగ్గరే గుండీలు వచ్చాయి. తరువాత ఆ బండి ఆ ఎత్తు మీద ఎప్పుడూ ఆగలేదు. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బండి దగ్గరికి వచ్చేవన్నీ చూడండి. కప్పే గుడ్డ, కట్టే దారం, ఎక్కే మనిషి, ఆ మనిషి మీద ఇంటి కట్టుబాటు, అన్నీ ఇంజనుకు తెలుస్తాయి.

ఆ రోజు మాత్రం నేను బండి వెనక్కి తిప్పబోతుంటే ఆయన మళ్లీ అన్నాడు. "తోట ఎంత దూరం?"

"దగ్గరనే సర్కార్."

పర్దా లోపల ఆయన సర్దుకుని కూర్చున్న చప్పుడైంది. "పోనియ్యి" అన్నాడు.

పెద్దబేగం వరండాలో దిండ్లకు ఆనుకుని ఉంది. పర్దా చూసి చెల్లెలనుకుని లేవబోయింది. పర్దా తొలగించుకుని షేర్వానీ వీపుకు అంటుకుపోయిన తమ్ముడు దిగాడు. ఆమె ఆయనను పై నుంచి కింది దాకా చూసింది. తరువాత అంది.

"నువ్వు పర్దాల కూసునుడు ఎప్పటిసంది?"

ఆయన నవ్వలేకపోయాడు. మెట్ల కిందే నిలబడ్డాడు. "కుర్చీ అంత దూరం వేసుకో. నీ భయం నాకు తెల్వదా" అందామె, కోపం లేకుండా. ఆయన కుర్చీ తెచ్చుకుని, కొంచెం దూరంగా వేసుకుని, మళ్లీ లేచి కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. చిన్నప్పటి సంగతులేవో మొదలయ్యాయి. నేను బండి దగ్గరికి వచ్చేశాను.

చాలాసేపటికి వరండా నుంచి కేక వచ్చింది. పాత అలవాటు, ఎక్కడ కూర్చున్నా ఆయనకు లేవాలనే తొందర.

"రాజమ్మా, బండి చల్లబడ్డదా?"

చింతచెట్టు నీడలో నిలిపాను దాన్ని. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది. పెద్దబేగం వరండాలోంచి నా చెయ్యినే చూస్తోంది.

"ఇంకా లేదు సర్కార్" అన్నాను. "జర టైం పడతది."

పెద్దబేగం దాసిని పిలిచి, తమ్ముడికి ఇంకో గ్లాసు షర్బత్ తెమ్మంది.